రాత్రిళ్లు నోరు పిడచకట్టుకుపోతుంటే: నిద్ర చెడకుండా, పళ్లు పాడవకుండా ఏం చేయాలి

నోరు ఎండిపోతోందని చెప్తే ఇంట్లో అందరూ ఇచ్చే సలహా ఒకటే: "నీళ్లు ఎక్కువ తాగు." పగలైతే అది కొంత పనికొస్తుంది. రాత్రిపూట అదే కొత్త తంటా తెచ్చిపెడుతుంది. గ్లాసెడు నీళ్లు గటగటా తాగితే నోరు కాసేపు తడిగా ఉంటుంది. గంటన్నరకల్లా బాత్‌రూమ్‌కి లేవాలి. వచ్చి పడుకునేసరికి నాలుక మళ్లీ అంగిట్లో అతుక్కుంటుంది. మళ్లీ నీళ్లు, మళ్లీ బాత్‌రూమ్. తెల్లారేసరికి నిద్రా ఉండదు, నోట్లో తడీ ఉండదు.

లాలాజలంలో 99 శాతం నీళ్లే. కానీ నోటిని కాపాడేది ఆ మిగిలిన ఒక్క శాతం. అందులో ఉండే జిగురు నాలుకకీ బుగ్గల లోపలికీ పల్చటి పొరలా పట్టుకుని తడిని ఆరిపోనివ్వదు. నోట్లో పుల్లదనాన్ని విరిచే బైకార్బొనేట్, పంటి ఎనామిల్‌ని మరమ్మతు చేసే కాల్షియం, ఫాస్ఫేట్ కూడా అందులోనే ఉంటాయి. మంచినీళ్లు ఈ పని చేయలేవు. పైగా మాటిమాటికీ నీళ్లు తాగితే ఉన్న కాస్త జిగురూ కొట్టుకుపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది, నిద్రలో అది దాదాపు ఆగిపోతుంది. అందుకే తెల్లవారుజామున ఎవరికైనా నోరు కాస్త పొడిగానే ఉంటుంది. జబ్బు వల్ల పగలే సరిగా ఊరనివాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది.

నాకున్నది షోగ్రెన్స్, నోరూ కళ్లూ ఎండగట్టే జబ్బు, కీళ్లవాతం వెనకాలే వచ్చింది. ఇన్నేళ్లలో అర్థమైంది ఏంటంటే, ఈ సమస్యని అర్ధరాత్రి లేచి తీర్చలేం. సాయంత్రం నుంచే ఒక్కో పనీ చేసుకుంటూ వస్తే రాత్రి చాలావరకు సర్దుకుంటుంది.

1. ముందు ఎందుకు ఎండుతోందో తేల్చుకోండి

జబ్బుని బట్టి చేయాల్సింది మారుతుంది. ఒకరికి మందైంది ఇంకొకరికి ప్రమాదం కావచ్చు, కాబట్టి ఈ మెట్టు దాటేయకండి.

షోగ్రెన్స్‌లో మన రోగనిరోధక శక్తే లాలాజల గ్రంథుల మీదా కన్నీటి గ్రంథుల మీదా దాడి చేస్తుంది. హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి డాక్టరు 1933లో దీని గురించి వివరంగా రాశారు, ఆ పేరే జబ్బుకి ఉండిపోయింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ, అదీ 40 దాటాక. నోటితో పాటు కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడటం, నీళ్లు లేకుండా బిస్కెట్ కూడా మింగలేకపోవడం, కీళ్ల నొప్పులు, విడవని నీరసం ఉంటే ఒకసారి రుమటాలజిస్ట్‌ని, అంటే కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే డాక్టరుని, కలవండి. రక్తంలో ఎస్‌ఎస్‌ఏ అనే యాంటీబాడీల పరీక్ష, కన్నీరు ఎంత ఊరుతోందో కంటి రెప్ప కింద కాగితం పెట్టి చూసే షిర్మర్ పరీక్ష, అవసరమైతే పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ ద్వారా తేలుస్తారు. "వయసు కదా, మామూలే" అని ఎవరైనా కొట్టిపారేస్తే అక్కడ ఆగకండి. వయసు ఒక్కదాని వల్లే నోరు ఇంతగా ఎండిపోదు.

షుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటాక మూత్రంలోకి పోవడం మొదలవుతుంది, తనతో పాటు ఒంట్లో నీటినీ లాక్కుపోతుంది. అందుకే దాహం, అందుకే మూత్రం. రాత్రి దాహంతో లేచినప్పుడు నీళ్ల సీసా కంటే ముందు గ్లూకోమీటర్ తీయండి. నాలుగైదు రాత్రులు అలా చూసి రాసిపెట్టుకుంటే డాక్టరుకి కూడా పని తేలికవుతుంది. అంకె ఎక్కువ ఉంటే జెల్లులూ స్ప్రేలూ కొనడం దండగ, షుగర్ మందు సరిచేయించుకోవాలి.

మెడ, నోటి క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి గ్రంథులే దెబ్బతింటాయి. కిడ్నీ జబ్బులో నీటికి కోత ఉంటుంది, ఆ విషయం కింద విడిగా రాశాను. ఇక ఏ జబ్బున్నా కామన్‌గా ఉండే దోషులు ఇద్దరు: వాడే మందులు, నోరు తెరుచుకుని పడుకోవడం.

2. మందుల సంచీ మొత్తం డాక్టరు ముందు పెట్టండి

అరికాళ్ల మంటలకి రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ నోటిని బాగా ఎండగడతాయి. ప్రెగాబలిన్ కూడా కొంత అంతే. మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, సోలిఫెనసిన్, పార్కిన్‌సన్స్‌లో వాడే ట్రైహెక్సిఫెనిడిల్, బీపీకి వాడే క్లోనిడిన్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, అన్నీ ఆ కోవలోవే. చాలామంది ఇళ్లలో జరిగేది ఏంటంటే, షుగర్ డాక్టరు ఒకటి, కీళ్ల డాక్టరు ఒకటి, జలుబుకి మెడికల్ షాపతను ఒకటి, మూడూ రాత్రి భోజనం తర్వాతే వేసుకుంటారు. విడివిడిగా ఏ మందూ తప్పు కాదు. మూడూ కలిసి రాత్రికి నోరు ఎండగడతాయి.

సొంతంగా ఏదీ మానేయకండి. అడగాల్సినవి ఇవి: ఈ మందు మోతాదు తగ్గించొచ్చా? పడుకునే ముందు కాకుండా సాయంత్రం ఏడింటికి వేసుకోవచ్చా? బదులు ఇంకోటి ఉందా? ఫ్యూరోసెమైడ్ లాంటి నీటి మాత్ర సాయంత్రం వేసుకుంటుంటే దాన్ని పొద్దుటికి మార్చవచ్చేమో కూడా అడగండి. ఈ ఒక్క మార్పుతోనే రాత్రి లేవడం తగ్గినవాళ్లున్నారు.

3. రాత్రి భోజనం త్వరగా, తడిగా

పడుకోవడానికి రెండున్నర, మూడు గంటల ముందే తినేయండి. పొడికూరా పుల్కా కంటే పప్పుచారన్నం, మెత్తటి పెసరపప్పు కిచిడీ, పెరుగన్నం సుఖం. నోరు ఎండినవాళ్ల నాలుక కారానికి ఇట్టే భగ్గుమంటుంది. ఆవకాయ మానలేనంటే మధ్యాహ్నానికి మార్చుకోండి. రాత్రి ఉప్పు ఎక్కువ తింటే అర్ధరాత్రి దాహం గ్యారంటీ: ఊరగాయ, అప్పడం, ఊరమిరపకాయలు, పెళ్లి భోజనం ఆ జాబితాలో ముందుంటాయి.

టీ, కాఫీ సాయంత్రం ఐదు తర్వాత వద్దు. మద్యం, పొగ, గుట్కా గురించి చెప్పేదేముంది. భోజనం తర్వాత తాంబూలం అలవాటున్న పెద్దవాళ్లకి ఈ మాట నచ్చదు కానీ, ఎండిన నోటికి సున్నమూ వక్కా పుండు మీద కారమే.

మన ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది: నోరు ఎండుతోందంటే పటికబెల్లం ముక్కో, విక్స్ లాంటి దగ్గు బిళ్లో బుగ్గన పెట్టుకుని పడుకోవడం. దీనంత చెడ్డది లేదు. లాలాజలం కడగని నోట్లో ఆ చక్కెర రాత్రంతా పళ్లనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఎండు ఉసిరి, నిమ్మ ఉప్పు బిళ్లలు ఉమ్మి ఊరిస్తాయి, నిజమే, కానీ ఆ పులుపు పంటి ఎనామిల్‌ని తినేస్తుంది. లవంగం ఎండిన చర్మానికి మంట పెడుతుంది. సాయంత్రం పూట ఏదైనా నమలాలనిపిస్తే చక్కెర లేని చూయింగ్ గమ్, వీలైతే జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్నది నమలండి. నమిలితే గ్రంథులు బాగా పనిచేస్తాయి. జైలిటాల్ ఎక్కువైతే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా దాచండి, కుక్కలకి అది విషం.

4. పళ్ల పని: ఇక్కడ బద్ధకిస్తే పళ్లు దక్కవు

లాలాజలం తగ్గినవాళ్ల పళ్లు మామూలుగా పుచ్చే చోట పుచ్చవు. చిగురు అంచున, పంటి మొదట్లో, ముందు పళ్ల మీద కూడా గోధుమరంగు గీతలా మొదలై చూస్తుండగానే లోపలికి పోతాయి. నోట్లో ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కిందకి దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, చిగురు జారి బయటపడ్డ పంటి మొదలు అంతకంటే ముందే కరుగుతుంది. రాత్రిపూట దాన్ని విరిచేవాళ్లెవరూ ఉండరు. అందుకే రాత్రి బ్రషింగ్ పొద్దుటిదాని కంటే ముఖ్యం.

వరస ఇలా పెట్టుకోండి. భోజనం అవగానే గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి పుక్కిలించి ఉమ్మేయండి. బేకింగ్ పౌడర్ కాదు, వంటసోడా. మింగకూడదు, ముఖ్యంగా బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు. అరగంట ఆగి మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోండి. పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ పీపీఎం ఎంతో చూడండి. మన దగ్గర మామూలు పేస్టుల్లో 1000 వరకు ఉంటుంది. చాలా 'ఆయుర్వేద' పేస్టుల్లో అసలే ఉండదు. నురుగు ఎక్కువ వచ్చే పేస్టు మండితే సోడియం లారిల్ సల్ఫేట్ లేనిది వెతకండి. బొగ్గుపొడి, ఉప్పు, గరుకు పళ్లపొడి వద్దే వద్దు.

తోముకున్నాక నురుగు ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ పళ్ల మీద మిగిలిన ఆ ఫ్లోరైడే రాత్రంతా కాపలా కాస్తుంది. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ ఇంట్లో ఉంటే పడేయండి, నోరు ఇంకా ఎండుతుంది. ఆయిల్ పుల్లింగ్ చేసుకుంటే చేసుకోండి, బ్రష్‌కి మాత్రం బదులు కాదు.

కట్టుడు పళ్లుంటే తీసేసి, కడిగి, నీళ్లలో వేసి పడుకోండి. పెట్టుకునే పడుకుంటే వాటి కింద ఫంగస్ పెరుగుతుంది. డెంటిస్ట్ దగ్గరికి మూడు నుంచి ఆరు నెలలకోసారి వెళ్లి, నోరు ఎండే జబ్బుందని చెప్పి, ఫ్లోరైడ్ వార్నిష్ వేయమని అడగండి. ఐదు నిమిషాల పని. రూట్ కెనాళ్లతో పోలిస్తే ఖర్చు నామమాత్రం.

5. నోటికి పూత

రాత్రి గట్టెక్కించే అసలు సంగతి ఇది. నీళ్లు చేయలేని జిగురు పని, డ్రై మౌత్ జెల్ కొంతవరకు చేస్తుంది. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ లాంటి జిగురు పదార్థాలతో చేసిన కృత్రిమ లాలాజలం స్ప్రేగా, ద్రవంగా, జెల్‌గా దొరుకుతుంది. స్ప్రే పగటికి బాగుంటుంది కానీ త్వరగా పోతుంది. రాత్రికి జెల్ నయం. వీధిచివర మెడికల్ షాపులో ఉండకపోవచ్చు, డెంటల్ ఆస్పత్రుల దగ్గరి షాపుల్లోనో ఆన్‌లైన్‌లోనో అడగండి.

పూసే తీరు చెప్తాను, చాలామంది ఇక్కడే పొరపాటు చేసి "పనిచేయట్లేదు" అంటారు. పొడి నోట్లో జెల్ పూస్తే ముద్దకట్టుకుని పొలుసులా ఊడొస్తుంది. ముందు ఒక గుక్క నీళ్లు నోట్లో తిప్పి మింగండి. శుభ్రమైన వేలి మీద శనగగింజంత జెల్ తీసుకుని, నాలుక మీద కొంచెం, అంగిట్లో కొంచెం, రెండు బుగ్గల లోపలా, పై పెదవికీ చిగురుకీ మధ్య సందులోనూ రాయండి. ఆ సందు మరిచిపోతారు, పెదవి పళ్లకి అతుక్కుని చిరిగేది అక్కడే. తర్వాత నీళ్లు తాగకుండా లైటార్పేయండి.

చిగురుకి అంటించుకునే జైలిటాల్ బిళ్లలు కూడా ఉన్నాయి, నిద్రలో నెమ్మదిగా కరిగేలా చేసినవి. మామూలు చప్పరింపు బిళ్లల్ని మాత్రం నోట్లో పెట్టుకుని నిద్రపోకండి, గొంతులోకి జారితే ప్రమాదం.

జెల్ కొనలేనివాళ్లు వేలికి కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ రెండు మూడు చుక్కలు అద్దుకుని బుగ్గల లోపల రాసుకోవచ్చు. జెల్ అంత కాలం నిలవదు, కానీ ఉత్త నీళ్ల కంటే మేలు. నూనె నోట్లో పోసుకుని పడుకోవడం, ముక్కులో వేసుకోవడం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా తెస్తుంది. పెదాలకి వాజెలీన్ గానీ వెన్న గానీ రాస్తే చాలు.

6. ముక్కు, గది

పొద్దున లేచేసరికి దిండు మీద చొంగ మరక ఉన్నా, గురక పెడుతున్నారని ఇంట్లోవాళ్లు చెప్తున్నా మీరు నోటితో ఊపిరి పీలుస్తుండొచ్చు. ఎంత జెల్ పూసినా ఆ గాలి ఆరబెట్టేస్తుంది. ముక్కు దిబ్బడ ఉంటే పడుకునే ముందు సెలైన్ చుక్కలో స్ప్రేయో వాడండి. ముక్కు ఠక్కున తెరిచే జైలోమెటాజోలిన్ చుక్కలు మూడు నుంచి ఐదు రోజులు మించితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోండి. ఆప్నియాకి సీప్యాప్ అనే గాలి మిషన్ వాడేవాళ్లు అందులో గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్ పెట్టించుకోవాలి, మాస్కు లీకవుతోందేమో చూసుకోవాలి. నోటికి టేపు వేసుకునే ఫ్యాషన్ ఒకటి వచ్చింది, ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లూ ఆప్నియా ఉన్నవాళ్లూ దాని జోలికి పోకండి.

గాలిలో తేమ ఊరిని బట్టి ఉంటుంది. విశాఖలో, కాకినాడలో హ్యూమిడిఫయర్ కొనడం డబ్బులు వృథా, గాల్లోనే చెమట ఉంది. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ ఎండాకాలపు పొడిగాలిలో ఏసీ కంటే నీళ్ల కూలరే నోటికి మంచిది, ఎందుకంటే ఏసీ గాల్లో తేమని తీసేస్తుంది, కూలర్ కలుపుతుంది. కూలర్ నీళ్లు నిలవ ఉంచకుండా మార్చండి. అమెరికాలో చలికాలం హీటర్ వేసుకుని పడుకునే మనవాళ్లకి మాత్రం హ్యూమిడిఫయర్ నిజంగా అవసరం. తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. ఎక్కడున్నా ఫ్యాన్ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా మంచం జరుపుకోండి. పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు.

7. మెలకువ వస్తే

మంచం పక్కన స్టూలు మీద మూడు ఉంచుకోండి: మూత ఉన్న చిన్న సిప్పర్ సీసా, జెల్, చిన్న స్ప్రే సీసా. పెద్ద చెంబు వద్దు, ఎదురుగా ఉంటే తాగేస్తాం. చీకట్లో స్టీలు గ్లాసు తడుముకుంటే నీళ్లు పరుపు మీదకి, నిద్ర గంగలోకి. లైటు వేయకుండా చేతికందేలా అన్నీ రోజూ ఒకే చోట పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

మెలకువ రాగానే నాలుకని బలవంతంగా అంగిటి నుంచి లాగకండి, చర్మం లేస్తుంది. స్ప్రేతో రెండు సార్లు కొట్టి క్షణం ఆగండి. తర్వాత ఒక్క గుక్క నీళ్లు నోట్లో నాలుగు మూలలా తిప్పి మింగండి. మళ్లీ కాస్త జెల్ రాసి పడుకోండి. పాలు, జ్యూసు, నిమ్మరసం, తేనెనీళ్లు ఏవీ వద్దు. పళ్లు తోముకున్నాక తెల్లారేదాకా నోట్లోకి నీళ్లూ, పైన చెప్పిన జెల్లూ స్ప్రేలూ, మందులూ తప్ప ఇంకేవీ పోకూడదు. ఫోన్ చూడకండి అని నేను చెప్పను, ఎలాగూ వినరు.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస వైపు, ఈ బాధ ఊరూరా తెలుసు. నోరు ఎండుతుంది, నీళ్లు మాత్రం కొలిచే తాగాలి. పైన చెప్పిన జెల్, ఫ్లోరైడ్, ముక్కు సంగతులన్నీ మీకూ వర్తిస్తాయి. మారేది నీళ్ల లెక్క.

దాహానికి అసలు మూలం నీళ్లు తక్కువవడం కాదు, ఉప్పు ఎక్కువవడం. రోజు మొత్తానికి ఉప్పు ఒక టీస్పూను లోపే ఉండాలి, ఊరగాయ, ఎండు చేప, అప్పడాలతో కలిపి. ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించమనడం మనిషిని ఏడిపించడమే. ఉప్పు తగ్గితే రెండు మూడు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

ఐసు ముక్క నీళ్ల కంటే ఎక్కువసేపు నోరు తడుపుతుంది, కానీ అదీ నీళ్లే. ఎంతో తెలియాలంటే 100 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి ఐస్ ట్రేలో పోసి ఎన్ని గళ్లు నిండాయో లెక్కపెట్టండి. ఐదు గళ్లు నిండితే ఒక్కో ముక్క 20 మిల్లీలీటర్లు. రాత్రికి మూడు ముక్కలంటే 60. ఆ 60 పగటి లెక్కలోంచి ముందే పక్కన పెట్టుకోండి. చప్పరించేటప్పుడు కూర్చోండి, పడుకుని చప్పరించకండి. కొబ్బరినీళ్లు చలవ చేస్తాయని ఎవరిచ్చినా తీసుకోవద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, అది ఒంట్లో పెరిగితే గుండె లయ తప్పుతుంది. షుగర్ కూడా ఉంటే దాన్ని అదుపులో పెట్టనిదే దాహం తగ్గదు.

ఇంకా తగ్గకపోతే పైలోకార్పిన్

గ్రంథుల్లో ఇంకా కొంత ప్రాణం ఉంటే పైలోకార్పిన్ మాత్రలు వాటిని ఊరేలా చేస్తాయి. షోగ్రెన్స్‌లోనూ రేడియేషన్ తర్వాతా వాడతారు. మామూలుగా 5 మి.గ్రా. చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు ఇస్తారు, ఆఖరిది పడుకునే ముందు వేసుకోవచ్చేమో మీ డాక్టరుని అడగండి. చెమట బాగా పడుతుంది, మూత్రానికి ఎక్కువసార్లు వెళ్లాల్సి రావచ్చు. అదుపులో లేని ఆస్తమా, కంటిలో ఇరుకు కోణం గ్లకోమా ఉన్నవాళ్లు వాడకూడదు. పూర్తి ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, నాలుగు రోజులకే మానేయకండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

నాలుక ఎర్రగా నున్నగా అయి మండుతున్నా, తెల్లటి పూత గీకితే ఊడొస్తున్నా, నోటి మూలలు పగులుతున్నా అది ఫంగస్ కావచ్చు. దానికి డాక్టరు క్లోట్రిమజోల్ లాంటి మందు ఇస్తారు. తేనె రాస్తే తగ్గదు. చెవి కింద దవడ వాచి, నొప్పి, జ్వరం వస్తే గ్రంథిలో చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే వెళ్లండి. షోగ్రెన్స్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి లింఫోమా అనే క్యాన్సర్ వస్తుంది, కాబట్టి ఒకవైపే గట్టిగా ఉండి తగ్గని వాపు, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు బట్టలు తడిసేంత చెమటలు ఉంటే రుమటాలజిస్ట్‌కి వెంటనే చెప్పండి. విపరీతమైన దాహంతో పాటు వాంతులు, ఆయాసం, మగత ఉండి షుగర్ బాగా ఎక్కువ చూపిస్తే తెల్లారేదాకా చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

గుండె జబ్బు కూడా ఉండి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర దగ్గరుంచుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. నోరు ఎండి ఉంటే ఆ మాత్ర సరిగా కరగదు, సరిగా పనిచేయదు. ఛాతీ నొప్పి వచ్చినప్పుడు ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకుని, తర్వాతే మాత్ర నాలుక కింద పెట్టుకోండి. ఈ సంగతి మీకే కాదు, పక్కన పడుకునేవాళ్లకి కూడా ముందే చెప్పి ఉంచండి.